ఇంటింటా టీవీ ఉంటే అసమానత తగ్గినట్టేనా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: 1991 ఆర్థిక సంస్కరణల తరువాత మన పల్లెల్లో కూడా టీవీ, సెల్‌ఫోన్, బండి లేని ఇల్లు అరుదైపోయింది కాబట్టి, ఆదాయాల లెక్కలు ఎలా ఉన్నా, జీవన స్థాయిల మధ్య దూరం తగ్గిందని చెప్పవచ్చునా, మీ పరిశోధనలో ఆదాయానికి బదులు ఇంట్లో ఉన్న మన్నిక గల వస్తువులనే అసమానతకు కొలమానంగా తీసుకోవచ్చునా. నేను పాతికేళ్లకు పైగా తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఇంటింటి సర్వేలలో పనిచేశాను. మొదట ఫారాలు నింపే ఎన్యూమరేటర్‌గా, ఆ తరువాత ఇతరులు నింపిన ఫారాలను తనిఖీ చేసే సూపర్‌వైజర్‌గా. ఆ అనుభవంతో చెబుతున్నాను: తీసుకోవచ్చు, కానీ "ఉందా, లేదా" అనే ఒక్క గడి మీద ఆధారపడి మాత్రం కాదు. ఆ గడి చెప్పేది వస్తువు ఎంత దూరం వ్యాపించిందన్న సంగతి. ఇళ్ల మధ్య తేడా తెలియాలంటే ఆ వస్తువు ఆ ఇంటికి ఎప్పుడు వచ్చింది, ఏ డబ్బుతో వచ్చింది, వచ్చిన తరువాత నడుస్తున్నదా అన్న మూడు ప్రశ్నలు కూడా వేయాలి.

ముందుగా, మీరు 1991ని గీత గీసినట్టు తీసుకున్నారు. మన్నిక గల వస్తువుల విషయంలో ఆ గీతను కొంచెం జరపాలి. 1991 జూలై 24న ప్రకటించిన పారిశ్రామిక విధానం చాలా పరిశ్రమలకు లైసెన్సు (ఫ్యాక్టరీ పెట్టడానికి ముందుగా తీసుకోవలసిన ప్రభుత్వ అనుమతి) ఎత్తివేసింది గానీ, 18 పరిశ్రమలకు అలాగే ఉంచింది. ఆ 18లో కార్లు ఉన్నాయి, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఏసీలు ఉన్నాయి, కలర్ టీవీల వంటి వినోద ఎలక్ట్రానిక్ సామగ్రి ఉంది. ఇవి సంపన్నుల సరదా వస్తువులనే పాత భావన సంస్కరణల తొలి రోజుల్లో కూడా పోలేదన్నమాట. కార్లకూ ఫ్రిజ్‌ల వంటి గృహోపకరణాలకూ లైసెన్సు తీసివేసింది 1993 ఏప్రిల్‌లో. వినోద ఎలక్ట్రానిక్ వస్తువుల వంతు ఇంకా తరువాత వచ్చింది. కాబట్టి "సంస్కరణలకు ముందు, తరువాత" అని మీరు పోల్చేటప్పుడు ఏ వస్తువుకు ఏ సంవత్సరం అన్నది విడివిడిగా చూసుకోవడం మంచిది.

అంతకు ముందు కాలంలో అసమానత లేదని కాదు, దాని రూపం వేరు. డబ్బు ఉన్నా వస్తువు దొరికేది కాదు. స్కూటరుకు పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. కేటాయింపు కాగితం చేతికి రాగానే దాన్నే లాభానికి అమ్ముకున్నవారూ ఉన్నారు. హైదరాబాదులో ఆల్విన్ ఫ్రిజ్, ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ ఉన్న ఇల్లు అంటే చాలాసార్లు ప్రభుత్వ రంగ సంస్థలోనో, బ్యాంకులోనో ఉద్యోగం ఉన్న ఇల్లు. దీనికి మినహాయింపు గల్ఫ్ ఇళ్లు. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాలలో 1980లలో భూమి అంతగా లేని ఇంట్లో కూడా టూ-ఇన్-వన్ (రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసి ఉన్న పెట్టె) మోగుతూ ఉండేది. అదే ఊళ్లో పదెకరాల రైతు ఇంట్లో రేడియో తప్ప మరేమీ ఉండేది కాదు. వస్తువును చూసి సంపదను అంచనా వేయడం ఆనాడు కూడా తప్పుదారి పట్టించేది.

ఇక అంకెలకు వద్దాం. జనగణనలో ఇళ్ల జాబితాతో పాటు కొన్ని వస్తువుల వివరాలు సేకరిస్తారు. దేశం మొత్తం మీద 2001లో టీవీ ఉన్న కుటుంబాలు 31.6 శాతం, 2011లో 47.2 శాతం. స్కూటరు, మోటారు సైకిల్ వంటివి 11.7 నుంచి 21 శాతానికి, కారు 2.5 నుంచి 4.7 శాతానికి పెరిగాయి. ఫోను 9.1 శాతం నుంచి 63.2 శాతానికి ఎగబాకింది. జాబితాలోని వస్తువులలో ఒక్కటి కూడా లేని కుటుంబాలు 34.5 శాతం నుంచి 17.8 శాతానికి తగ్గాయి. ఈ చివరి అంకె నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే అట్టడుగున నిజంగానే మార్పు వచ్చిందని అది చెబుతుంది. ఆ మార్పును చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు.

కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. అసమానతను కొలిచే అంకెను గిని గుణకం అంటారు: అందరికీ సమానంగా ఉంటే సున్నా, అంతా ఒక్కరి దగ్గరే ఉంటే దాదాపు ఒకటి. చాలామంది విద్యార్థులు టీవీకో, బండికో ఈ గిని గుణకం లెక్కగట్టి, అది తగ్గిందని చూపించి, అసమానత తగ్గిందని రాసేస్తారు. ఉంటే 1, లేకపోతే 0 అని గుర్తు వేసిన వస్తువుకు గిని గుణకం అంటే, ఒకటిలోంచి ఆ వస్తువు ఉన్న కుటుంబాల వాటాను తీసివేయగా మిగిలినదే. అంతకు మించి దానిలో ఏమీ లేదు. టీవీకి 2001లో 0.684, 2011లో 0.528 వస్తుంది, బండికి 0.883 నుంచి 0.79కి దిగుతుంది. వస్తువు ఎవరి ఇంటికి చేరినా, ఎలా చేరినా, వ్యాపించే కొద్దీ ఈ గుణకం తగ్గి తీరుతుంది. అంటే మీరు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, శాతాన్నే తిప్పి రాశారు. నేను పరిశీలించిన ఒక సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం మొత్తం ఇలాగే నడిచింది.

ఒక వస్తువు ఇళ్లను వేరుచేసి చూపగలిగేది అది దాదాపు సగం ఇళ్లలో ఉన్నప్పుడే. నూటికి రెండు ఇళ్లలోనే ఉన్నా, తొంభై ఎనిమిది ఇళ్లలో ఉన్నా, మిగతా జనంలో ఎవరు ఎక్కడ ఉన్నారో అది చెప్పలేదు. అందుకే ప్రతి వస్తువుకూ కొలమానంగా ఒక ఆయుర్దాయం ఉంటుంది. మా తాతల కాలంలో పెళ్లికొడుకు అడిగేవి సైకిలు, వాచీ, రేడియో. 1970లలో చైనాలో కూడా సరిగ్గా ఇవే, వాటికి తోడు కుట్టుమిషను. "మూడు తిరిగేవి, ఒకటి మోగేది" అని అక్కడి వారు వాటిని పిలిచేవారు. 1980లలో వాటి స్థానంలోకి కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వచ్చాయి. మన దగ్గర రేడియో ఉన్న కుటుంబాలు 2001లో 35.1 శాతం, 2011 నాటికి 19.9 శాతం. రేడియో పోయింది కాబట్టి పేదరికం పెరిగిందని ఎవరూ అనరు కదా. సైకిలు సంగతి ఇంకా విచిత్రం: 43.7 శాతం, పదేళ్ల తరువాత 44.8 శాతం. అంకె కదలలేదు గానీ సైకిలు ఎక్కేవాడు మారిపోయాడు. మాస్టారు బండి కొనుక్కుని సైకిలును పక్కన పెట్టాడు, అడ్డా కూలీ దాన్ని కొనుక్కున్నాడు. పట్టికలో మాత్రం అదే గడి, అదే గుర్తు.

వస్తువు ఏ డబ్బుతో వచ్చిందన్న ప్రశ్న మన ప్రాంతానికి మరీ ముఖ్యం. కొత్తగా పెళ్లయిన ఇంట్లో బీరువా, మంచం, పరుపు, ఫ్రిజ్, ఇటీవలి కాలంలో వాషింగ్ మెషీన్ కనిపిస్తే, అవి ఆ ఇంటి ఆదాయానికి గుర్తులు కావు, సారె సామాను. వాటి వెల వేరే ఊళ్లో ఆడపిల్ల తండ్రి అప్పుగా మోస్తూ ఉంటాడు. సర్వే నమూనాలో ఈ రెండు ఇళ్లూ పక్కపక్కన పడే అవకాశం దాదాపు లేదు కాబట్టి, ఒక ఇల్లు ఒక మెట్టు పైకి ఎక్కినట్టు నమోదవుతుంది, ఆ మెట్టుకు ఖర్చు పెట్టిన ఇల్లు దిగినట్టు ఎక్కడా కనపడదు. ఆ తండ్రి ఇంట్లో పాత టీవీ ఎలాగూ ఉంటుంది, "ఉంది" అని గుర్తు పడుతుంది. వస్తువుల జాబితా మాత్రమే చూస్తే ఇద్దరూ బాగానే ఉన్నట్టు లెక్క.

సారె కాకపోతే చిట్టీ. చిట్టీ పాడి ఫ్రిజ్ కొన్న ఇల్లు తరువాతి నెలల్లో ఆ కిస్తీ కట్టడానికి ఏదో ఒక ఖర్చు తగ్గించుకుంటుంది. ఇప్పుడు చిట్టీ స్థానంలో దుకాణంలోనే పది నిమిషాల్లో తేలిపోయే వాయిదాల అప్పు వచ్చింది. సంస్కరణల తరువాత వస్తువులు వ్యాపించడానికి ధరలు తగ్గడం ఎంత కారణమో, అప్పు సులభం కావడం అంతే కారణమని నా అభిప్రాయం. నెల జీతం వచ్చే ఇంటికి వాయిదా ఒక సదుపాయం. వర్షాన్ని నమ్ముకున్న ఇంటికి అది గండం. ఒకే మోడల్ ఫ్రిజ్, ఒకే ధర, ఒకే వాయిదా అయినా రెండిళ్లకూ దాని బరువు ఒకటి కాదు.

మూడో దారి ప్రభుత్వం. 2011 జనగణన నాటికి తమిళనాడులో 87 శాతం కుటుంబాలకు టీవీ ఉంది. 2006 ఎన్నికల తరువాత అక్కడి ప్రభుత్వం ఉచితంగా కలర్ టీవీలు పంచింది కాబట్టి, ఆ అంకెను ఆదాయాల సమానతకు సాక్ష్యంగా తీసుకోలేం. అలాగని కొట్టిపారేయనూ లేం, ఎందుకంటే టీవీ నిజంగానే ఆ ఇంట్లో ఉంది, ఇంటిల్లిపాదీ చూస్తున్నారు. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో ఈ చిక్కును కొంతవరకు గుర్తించి, పథకాల ద్వారా ఉచితంగా అందిన ల్యాప్‌టాప్, సైకిలు, ఫోను వంటి వాటి వివరాలు విడిగా నమోదు చేశారు. మీ పరిశోధనకు ఇది బాగా పనికొస్తుంది.

ఇక వస్తువు నడుస్తున్నదా అన్న ప్రశ్న. దీనికి ఒక ఇంటి సంగతి చెప్పాలి. 2011లో సామాజిక ఆర్థిక కుల గణన జరిగిన రోజులవి. గ్రామాల్లో మోటారు బండి ఉన్నా, ఫ్రిజ్ ఉన్నా, ల్యాండ్‌లైన్ ఫోను ఉన్నా ఆ కుటుంబాన్ని పేదల లెక్కలోంచి నేరుగా తప్పించే నియమాలు అందులో ఉన్నాయి. మెదక్ వైపు ఒక పల్లెలో తనిఖీకి వెళ్లాను. రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గదిలో గోడకు ఆనించి పాత ఫ్రిజ్, దాని మీద ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ, గుడ్డ మీద దేవుడి పటం. ఎన్యూమరేటర్ ఫ్రిజ్ గడిలో గుర్తు వేశాడు. ఆ ఇంటి ఆమె నన్ను చూసి, "సారూ, తలుపు తీసి చూడుండ్రి" అన్నది. తీశాను. పై అరలో పిల్లల పుస్తకాలు, కింది అరల్లో మడత పెట్టిన చీరలు, కూరగాయల పెట్టెలో రేషన్ కార్డు, భూమి కాగితాలు, మందుల చీటీలు. కంప్రెసర్ కాలిపోయి నాలుగేళ్లయిందట. బాగు చేయించడానికి అడిగిన డబ్బు ఆమెకు ఇరవై రోజుల కూలి. "ఎలుకలు కొరకవు సారూ, అందుకే పెట్టుకున్న" అన్నది.

నిబంధన ప్రకారం ఎన్యూమరేటర్ చేసింది తప్పు కాదు: వస్తువు ఇంట్లో ఉంది. నేను పై అధికారులకు ఒక గమనిక రాసి పంపాను. దాని వల్ల ఏమైనా మారిందో లేదో నా దాకా రాలేదు. ఆ గణన జాబితానే ఆధారంగా తీసుకున్న గ్రామీణ గృహ నిర్మాణ పథకం అర్హతల్లోంచి ఫ్రిజ్, ద్విచక్ర వాహనం షరతులను తొలగించింది 2024లో. అప్పటికి ఆ జాబితా వయసు పదమూడేళ్లు. ఈ మధ్య కాలంలో ఫ్రిజ్ సంపన్నుల గుర్తు నుంచి సాధారణ వస్తువుగా జారిపోతూనే ఉంది: 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దాదాపు 38 శాతం కుటుంబాలకు ఫ్రిజ్ ఉంది. కొలమానానికి ఆయుర్దాయం ఉంటుందని పైన అన్నది ఇందుకే. పరిశోధకుడు పాత కొలమానం వాడితే వ్యాసం తప్పుతుంది, ప్రభుత్వం వాడితే ఒక ఇంటికి ఇల్లు రాదు. ఇంకొక సంగతి, వస్తువును బట్టి అర్హత నిర్ణయిస్తారని తెలిసిన ఊళ్లో ఆ తరువాత వచ్చే ప్రతి సర్వేలోనూ జనం వస్తువులను దాచిపెడతారు. బండి అల్లుడిది అవుతుంది, ఫ్రిజ్ అద్దెకున్నవాళ్లది అవుతుంది.

ఒకే ఇంటి లోపల కూడా చూడండి. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో సెల్‌ఫోను ఉన్న కుటుంబాలు 90 శాతానికి పైనే; తాను స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు మాత్రం దాదాపు 54 శాతం. కుటుంబాన్ని ఒక్క ముద్దగా తీసుకునే పట్టికలో ఈ తేడా పూర్తిగా మునిగిపోతుంది.

మీరు పరివర్తన కాలం (ప్రభుత్వ అదుపులోని ఆర్థిక వ్యవస్థ మార్కెట్ వైపు మారే కాలం) అన్న మాట వాడారు కాబట్టి రష్యాను కూడా గుర్తుచేస్తాను, ఎందుకంటే అక్కడ జరిగింది మనకు అద్దంలో తలకిందులుగా కనిపిస్తుంది. మన దగ్గర సంస్కరణల తరువాత వస్తువులు ఇళ్లలోకి వచ్చాయి. అక్కడ 1992 జనవరిలో ధరల మీద ప్రభుత్వ అదుపును వదిలిపెట్టే నాటికే ఫ్రిజ్, టీవీ చాలా ఇళ్లలో ఉన్నాయి. ఆ ఒక్క సంవత్సరంలో ధరలు సుమారు 26 రెట్లు పెరిగి, జనం దాచుకున్న డబ్బు ఆవిరైపోయింది. అధికారిక గిని గుణకం 1991లో 0.26 ఉన్నది 1994కు 0.41 దగ్గరికి చేరింది. అయినా వంటింట్లో ఫ్రిజ్ అక్కడే ఉంది. ఎవరైనా ఆ మూడేళ్లలో "ఉందా, లేదా" అని అడిగి ఉంటే ఏమీ జరగనట్టే జవాబు వచ్చేది. మన్నిక గల వస్తువు చెరువులో నిలిచిన నీరు; ఆదాయం కాలువలో పారే నీరు. కాలువ ఎండిన సంగతి చెరువులో వెంటనే తెలియదు, చెరువు నిండినంత మాత్రాన కాలువ పారుతున్నట్టూ కాదు.

ఇప్పుడు మీ పరిశోధనకు సంబంధించిన సలహాలు. కుటుంబ ఆరోగ్య సర్వేలోని సంపద సూచికను వాడాలని అనుకుంటున్నారు. ఆ పద్ధతికి మూలం 1990ల చివరలో ఫిల్మర్, ప్రిచెట్ అనే ఆర్థికవేత్తలు మన దేశపు కుటుంబ ఆరోగ్య సర్వే వివరాలతోనే చేసిన పని: వస్తువులకు, ఇంటి సదుపాయాలకు గణాంక పద్ధతిలో బరువులు కట్టి, ఇళ్లను వరుసలో నిలబెట్టడం. ఒకే ఏడాదిలో పేద ఇంటి పిల్లలు, కలిగిన ఇంటి పిల్లలు బడికి వెళ్లడంలో తేడా వంటివి చూడటానికి అది చక్కని పనిముట్టు. కానీ ఆ సూచిక జనాన్ని ఐదు సమాన భాగాలు చేస్తుంది, ప్రతి సర్వేకూ బరువులు మళ్లీ కడుతుంది. అట్టడుగు ఐదో వంతు ఏ ఏడాది చూసినా ఐదో వంతే. కాబట్టి ఒక సర్వేకూ మరొక సర్వేకూ మధ్య అసమానత పెరిగిందా, తగ్గిందా అని దాన్ని అడగకూడదు. అడిగితే అది జవాబు చెప్పినట్టు నటిస్తుంది.

వ్యయ సర్వేతో కూడా జాగ్రత్తగా ఉండాలి. 2023-24 సర్వే ప్రకారం వినియోగ వ్యయంలో గిని గుణకం గ్రామాల్లో 0.237, పట్టణాల్లో 0.284, అంతకు ముందు ఏడాది కన్నా రెండూ తక్కువే. ఇది వినియోగంలోని తేడా, ఆస్తిలోని తేడా కాదు. ఆస్తి సంగతి తెలియాలంటే 2019లో జరిగిన అప్పులు, పెట్టుబడుల సర్వే చూడండి. గ్రామీణ కుటుంబాల ఆస్తి విలువలో భూమి వాటా 69 శాతం, ఇళ్లూ కట్టడాలూ 22 శాతం. గ్రామాల్లోనూ పట్టణాల్లోనూ మొత్తం ఆస్తిలో సగానికి పైగా పై పది శాతం కుటుంబాల చేతుల్లో ఉంది. మనం ఇంతసేపు మాట్లాడుకున్న టీవీలు, ఫ్రిజ్‌లు, బండ్లు అన్నీ కలిపినా ఆ భూమి పక్కన పిసరంత. హైదరాబాదు చుట్టూ భూముల ధరలు పెరిగిన తీరు తెలిసిన వారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు: 1995లో ఒకే రకం టీవీ ఉన్న ఇద్దరు అన్నదమ్ములలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎకరం ఉంచుకున్నవాడూ అమ్ముకున్నవాడూ ఈరోజు ఒకే రకం ఫోను పట్టుకుని తిరుగుతూ ఉండవచ్చు.

మీరు సొంతంగా ఫీల్డుకు వెళ్లే ఆలోచనలో ఉన్నామని రాశారు. వస్తువుల జాబితాను చిన్నదిగా ఉంచండి. మీరు ఎంచుకున్న మండలంలో దాదాపు సగం ఇళ్లలో ఉండే నాలుగైదు వస్తువులు చాలు. ముందు పది పదిహేను ఇళ్లు తిరిగి చూస్తే అవేమిటో తెలిసిపోతుంది. సెల్‌ఫోను, ఫ్యాను, గ్యాస్ పొయ్యి జాబితాలో పెట్టి సమయం వృథా చేసుకోవద్దు. ప్రతి వస్తువుకూ నాలుగు నిలువు గడులు పెట్టండి: ఏ సంవత్సరంలో వచ్చింది, కొత్తదా పాతదా, ఎలా వచ్చింది (సొంత డబ్బు, చిట్టీ, వాయిదా, సారె, పథకం), గడచిన నెలలో వాడారా. "ఎలా వచ్చింది" అన్నది మగవారిని అడిగితే "కొన్నాం" అనే అంటారు. ఇంటి ఆడవారిని విడిగా అడిగితే "మా నాయన పెట్టిండు" అని తేలుతుంది. భూమి గురించిన ప్రశ్నను చివర్లో పెట్టండి, మొదట్లో పెడితే మిగతా ఫారమంతా అనుమానంతో నడుస్తుంది.

ఫ్రిజ్ గురించి నేరుగా అడగడానికి సంకోచం ఉంటే, ఏప్రిల్ నెలలో వెళ్లండి, కూర్చోగానే తాగడానికి నీళ్లు అడగండి. చెంబులో కుండ నీళ్లు వస్తున్నాయా, పైన చెమ్మ పట్టిన ప్లాస్టిక్ సీసా వస్తున్నదా అన్నది ఫారంలో రాసే సమాచారం కాదు గానీ, ఆ తరువాత ఫ్రిజ్ ప్రశ్నను ఎలా అడగాలో మీకు తెలిసిపోతుంది.